చలికాలపు వంటింటికి వచ్చిన కొత్త చుట్టాలు

ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో విష్ణుచిత్తుని అతిథిసేవను వర్ణించే పద్యాలు మూడున్నాయి. తెలుగువారి భోజన చరిత్ర గురించి ముచ్చటించదలచిన వారెవరైనా ఎప్పుడో ఒకప్పుడు ఆ పద్యాల గడప తొక్కక తప్పదు. ఆ భక్తుడు తన ఇంటికి వచ్చిన వైష్ణవులకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క తీరున భోజనం పెడతాడు. వానాకాలంలో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్ళు, వడపిందెలు, నీరుమజ్జిగ. ఇక చలికాలానికి వచ్చేసరికి విస్తరి రూపమే మారిపోతుంది. కమ్మని వాసన వేసే కొత్తబియ్యపు అన్నం, మిరియాల పొడి పట్టించి పొగలు కక్కుతుండగా వడ్డించిన కూరలు, ముక్కు అదరగొట్టే ఆవ పచ్చళ్ళు, పాయసాలు, ఊరగాయలు, చేయి చుర్రుమనిపించే నెయ్యి, వెల్లువగా పాలు. కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులోనే అయినా, ఆ విస్తరి 1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ఎరిగిన విస్తరే అనుకోవడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు.

ఈ పద్యాలను మన పెద్దలు రాయల లోకజ్ఞతకు నిదర్శనంగా చూపుతూ వచ్చారు. నాకు మాత్రం ఆ చలికాలపు విస్తరిలో ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ ఆసక్తి కలిగిస్తాయి. అందులో కారం ఉంది, మిరపకాయ లేదు. కూరల గుంపు ఉంది గాని, ఆ గుంపులో బంగాళాదుంపకూ, టమాటాకూ, కాలీఫ్లవరుకూ చోటు లేదు. నేడు మన ఇళ్ళలో ధనుర్మాసం మొదలుకొని శివరాత్రి దాకా పొయ్యి మీదికి ఎక్కేవాటిలో సగానికి సగం రాయలవారు కంటితో చూసి ఉండరు. ఆయన చూడని వస్తువులతోనే మనం ఇప్పుడు తెలుగుదనపు రుచి అని చెప్పుకుంటున్నాం. ఈ మార్పు ఎట్లా జరిగింది? ఎవరు చేశారు? ఆ చేసినవారి ఊసు మన చరిత్ర గ్రంథాలలో ఎందుకు కనబడదు? ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది ఈ వ్యాసం.

ముందుగా కారం సంగతి. మిరపకాయ రాకముందు మన వంటలో చురుకు పుట్టించినవి మిరియాలు, అల్లం, శొంఠి, పిప్పళ్ళు, ఆవాలు. వీటిలో అల్లం, ఆవాలు మన పొలాల్లో పండేవే. మిరియం మాత్రం చాలావరకు కొనుక్కోవలసిన సరుకు. దాని తీగకు పడమటి కనుమల వానా నీడా కావాలి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు వంటి వస్తువుల మీద ఎంతెంత సుంకం తీసుకోవాలో రాశారు. ఆ పట్టికలో మిరియాలు కూడా ఉన్నాయి. ముత్యాలతో, దంతంతో ఒకే పట్టికలోకి ఎక్కిన దినుసును ఏ ఇల్లాలూ దోసిళ్ళతో పోసి వండదు కదా. విష్ణుచిత్తుని ఇంట కూరలకు మిరియాల పొడి పట్టించడమంటే అతిథికి జరిగిన గొప్ప మర్యాద అన్నమాట.

కొలంబసు అట్లాంటిక్ మహాసముద్రం దాటినది 1492లో. వాస్కో డ గామా కోళ్ళికోడు చేరినది 1498లో. పోర్చుగీసులు గోవాను పట్టుకొన్నది 1510లో. అప్పటికి రాయలు సింహాసనమెక్కి ఏడాది. వారు తమతో తెచ్చిన గుర్రాల మీద విజయనగరానికి ఉన్న మోజు గురించి చరిత్రకారులు పుటలకు పుటలు రాశారు. అదే దారిన, అమెరికా ఖండం నుండి బయలుదేరి, ఏ శాసనానికీ ఎక్కకుండా వచ్చిన ఒక గింజ మాత్రం గుర్రాల కంటే దూరం ప్రయాణించింది. మిరపగింజకు తీగ పందిరి అక్కరలేదు, కనుమల వాన అక్కరలేదు. పెరట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోట వేసినా మొలుస్తుంది. ఎండబెడితే ఏడాదంతా నిలుస్తుంది. అంతవరకు కొనుక్కోవలసిన ఘాటును ఇల్లాలు తన పెరట్లో పండించుకోగలిగింది. మిరియం ఓడిపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

భాష ఈ సంగతిని ఎంత చక్కగా దాచిపెట్టిందో చూడండి. మిరియం నుండి మిరపకాయ. తమిళులకు మిళగు నుండి మిళగాయ్. కన్నడిగులకు మెణసు నుండి మెణసినకాయి. మూడు భాషలవారూ ఒకే పద్ధతి పాటించారు: కొత్తగా వచ్చినదాన్ని పాత చుట్టం పేరుతో పిలిచారు. అట్లాగే వేరున కాసే కొత్త గింజ వేరుశెనగ అయింది, జొన్న వరుసలో చేరిన కొత్త కంకి మొక్కజొన్న అయింది. టమాటాను ములగ జాతిలో కలిపి రామములగ అన్న వారూ ఉన్నారు. పేరు పెట్టడమంటే వరుస కలుపుకోవడమే. మన పల్లెల్లో కొత్తవారు రాగానే పిన్నీ, బాబాయీ అని వరుస కలిపినట్లు, వంటింటి స్త్రీలు ఈ పరదేశి గింజలకు కూడా వరుసలు కలిపి లోపలికి రానిచ్చారు.

వరుస కలపడం ఒక్క పేరులోనే జరగలేదు, వండే పద్ధతిలోనూ జరిగింది. పుష్యమాసంలో కృష్ణా, గుంటూరు సీమల ఇళ్ళలో పండుమిరపకాయల పచ్చడి పడుతుంది. కొరివికారం అంటాం. ఎర్రగా పండిన కాయలను తడిబట్టతో తుడిచి, నీడన ఆరనిచ్చి, తొడిమలు తీసి, ఉప్పు, చింతపండు చేర్చి రోట్లో తొక్కి జాడీకి ఎత్తుతారు. మూడోనాడు తిరిగి బయటికి తీసి మెత్తగా నూరి, మెంతిపిండి కలిపి, కావలసినప్పుడు ఇంగువ పోపు పెట్టుకుంటారు. ఇందులో అమెరికా నుండి వచ్చినది కాయ ఒక్కటే. ఉప్పూ పులుపూ చేర్చి నిలవబెట్టడం, మూడు రోజులు ఊరనివ్వడం, మెంతిపిండి, ఇంగువ, జాడీ, రోలు అన్నీ పాతవే. కార్తీకంలో ఉసిరికాయను నిలవ చేసే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. ఉసిరి ఈ నేలమీద పుట్టిన చెట్టు. ఉసిరికి నేర్చిన విద్యను మిరపకు పనికి వచ్చేట్టు చేశారు. తెలియని వస్తువు చేతికి వచ్చినప్పుడు తెలిసిన పద్ధతిలో వండి చూడటం, చెడకపోతే మరుసటి ఏడు మరి కాస్త ఎక్కువ పెట్టడం: మన వంట చరిత్ర అంతా నాకు ఈ రెండు మాటల్లో కనబడుతుంది.

వంటింటి నుండి ఒక్క అడుగు వాకిట్లోకి వేద్దాం. ధనుర్మాసపు ముగ్గుల మధ్య గొబ్బెమ్మను నిలిపి, దాని నెత్తిన ఏ పువ్వు పెడతాం? గుమ్మడి పువ్వు. చుట్టూ ఏమి అలంకరిస్తాం? బంతిపూలు. బంతి జన్మస్థలం మెక్సికో, దాని చుట్టుపక్కల ప్రాంతాలు. అక్కడివారు నేటికీ నవంబరు మొదట్లో చనిపోయిన తమ పెద్దలను తలచుకునే పండుగకు ఈ పూలనే దోసిళ్ళతో పోస్తారు. మనం పులుసులో వేసుకునే ఎర్రటి తీపి గుమ్మడి కూడా అమెరికా ఖండాలలో సాగులోకి వచ్చిన తీగే. మన పాత గుమ్మడి ఏదంటే, సంస్కృతంలో కూష్మాండమని పిలిచిన బూడిద గుమ్మడి. ఇక్కడ భాష చేసిన చమత్కారం ఒకటుంది. మామూలుగా కొత్తగా వచ్చినదానికి విశేషణం తగిలిస్తాం. గుమ్మడి విషయంలో కొత్తది తిన్నగా వచ్చి వట్టి గుమ్మడికాయ అనే పేరును తన సొంతం చేసుకుంటే, ఇంటిది బూడిద గుమ్మడి అయి పక్కకు జరిగింది. గొబ్బెమ్మ కంటే తెలుగు గుర్తు మరొకటి చెప్పమంటే చెప్పలేం. ఆ గుర్తు నెత్తిన ఉన్న పువ్వు సముద్రాలు దాటి వచ్చినది. దీనివలన గొబ్బెమ్మ తెలుగుదనానికి వచ్చిన లోటేమీ లేదు. తెలుగుదనమంటే ఏమిటన్న మన అంచనాకే కాస్త సవరణ కావాలి.

అయితే వచ్చినవన్నీ అన్ని విస్తళ్ళకూ ఎక్కాయనుకోరాదు. కొన్ని తలుపులు నేటికీ మూసే ఉన్నాయి. శ్రాద్ధకర్మను నిష్ఠగా పాటించే బ్రాహ్మణ కుటుంబాలలో తద్దినపు వంట చూసినవారికి ఈ సంగతి తెలుసు. ఇంటింటికీ కొద్దిపాటి భేదాలున్నా, ఆనాడు మిరపకాయ బదులు మిరియమే వాడే ఇళ్ళు ఎన్నో. అరటికాయ, కంద, చేమ, కాకర ఉంటాయి. అల్లప్పచ్చడి, మినపగారెలు, నువ్వులుండలు ఉంటాయి. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవరు కనబడవు. ఎందుకని అడిగితే పెద్దలు, అవి పనికిరావు అని ఊరుకుంటారు. మా అమ్మమ్మ అయితే వాటన్నిటినీ కలిపి ఇంగ్లీషు కూరలని ఒక్క మాటలో తేల్చేసేది. ఆ ఒక్క మాటలో మూడు నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది. పితృదేవతలు ఏ కూరలు ఎరుగుదురో అవే వారికి పెట్టాలన్నది లోపలి భావమై ఉండవచ్చు. కారణమేదైనా, ఏడాదికి ఒక్కనాడు ఆ వంటింట్లో కాలం వెనక్కి నడుస్తుంది. రాయల పద్యంలోని మిరియాల పొడి నేటికీ సజీవంగా ఉన్నది ఆ ఒక్క విస్తరిలోనే.

ఇక ఉపవాసాల తలుపు దీనికి పూర్తిగా విరుద్ధం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. ఆనాడు అన్నం ముట్టరాదు గనుక చాలా ఇళ్ళలో చిలగడదుంప ఉడకబెడతారు. రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ అని పిలిచేదీ ఇదే. శివరాత్రి ముందు నాలుగు రోజులు అంగళ్ళలో వీటి కుప్పలు చూసితీరాలి. ఇంతకీ ఈ దుంప కూడా అమెరికా నుండి వచ్చినదే. ఒకే ఆచారపరుల ఇంట్లో తద్దినం నాడు పరదేశి కూరలకు ప్రవేశం లేదు. ఉపవాసం నాడు పరదేశి దుంప దేవుని ఎదుటనే నైవేద్యానికి కూర్చుంది. నియమం వద్దన్నది అన్నాన్ని. అన్నం ఖాళీ చేసిన చోటుకు ఏది రావాలో నియమం చెప్పలేదు. చెప్పని ఆ చోటులోనే ఇల్లాలికి ఒక కొత్త దుంపను ప్రయత్నించి చూసే వీలు దొరికింది. మన ఆచారాల గురించి మాట్లాడేటప్పుడు అవి కట్టిన గోడలను చూసినంత శ్రద్ధగా, అవి వదిలిన సందులను కూడా చూడవలసి ఉంటుంది.

ఇక దగ్గరి కాలానికి వద్దాం. బంగాళాదుంప పేరు మన మూడు ప్రాంతాలలో మూడు రకాలు. కోస్తాలో బంగాళాదుంప, అంటే బంగాళ దేశపు దుంప. తెలంగాణలో ఆలుగడ్డ, ఆ ఆలు దక్కనీ ఉర్దూ నుండి వచ్చినది. రాయలసీమలో ఉర్లగడ్డ, అది తమిళుల ఉరుళైక్కిళంగుకు దగ్గరి చుట్టం. ఒకే దుంప మూడు దారుల్లో తెలుగు నేల మీదికి వచ్చిందని ఈ మూడు పేర్లే సాక్ష్యం చెబుతున్నాయి. ఇంగ్లీషువారి పాలనలో కాలీఫ్లవరు కూడా వచ్చింది. ఆ విత్తనం 1822లో ఇంగ్లండు నుండి సహరాన్‌పూరులోని కంపెనీ తోటకు చేరిందని చెబుతారు. అది చలి పడితేగాని పువ్వు కట్టదు. కనుక మన ప్రాంతాలలో అది చాలాకాలం పాటు అచ్చంగా చలికాలపు కూరగానే మెలిగింది.

ఈ దొరల కూరను తెలుగు ఇల్లాలు ఏం చేసింది? దొరలు తిన్నట్లు నీళ్ళలో ఉడికించి మిరియం చల్లి ఊరుకుందా? లేదు. ఆవకాయ పెట్టింది. చలికాలంలో మామిడికాయ దొరకదు. కొత్తావకాయ రావడానికి ఇంకా నాలుగైదు నెలలు పడుతుంది, పాత జాడీ అడుగంటుతూ ఉంటుంది. అప్పుడు కాలీఫ్లవరును చిన్న పువ్వులుగా తుంచి, ఉప్పునీళ్ళలో కడిగి, బట్ట మీద తడి లేకుండా ఆరనిచ్చి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కలిపి నిమ్మరసం పిండితే రెండోనాటికి విస్తట్లోకి పచ్చడి తయారు. మామిడికి చేసిన లెక్కనే ఈ పువ్వుకు అన్వయించింది. పులుపు కాయలో లేదు గనుక నిమ్మ నుండి తెచ్చుకుంది. అంతే తేడా. రాయల చలికాలపు పద్యంలో ముక్కు అదరగొట్టిన ఆవ ఉంది చూశారూ, ఆ ఆవే 400 ఏళ్ళ తరువాత ఇంగ్లండు పువ్వును మన పంక్తిలో కూర్చోబెట్టింది.

ఇంతదాకా చెప్పిన విస్తళ్ళన్నీ కలిగినవారివి అని ఎవరైనా అడ్డు తగిలితే ఆ మాటను నేను కాదనను. చలికాలపు కొత్తబియ్యం అందరిదీ కాదు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పూట పూటకూ తిన్నది జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగి సంకటి, కొర్రన్నం. వరి అన్నం అక్కడ పండుగ నాటి ముచ్చట. కోస్తాలో కూడా నేడు మనం చెప్పుకునే ధాన్యరాశుల సంక్రాంతి వెనుక 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ఉన్నాయి. వాటికి సుమారు ఇరవై ఏళ్ళ ముందు, 1832–33 నందన కరువులో గుంటూరు సీమ ప్రజలు కుప్పలుగా చనిపోయారు. అరిసెల పాకం పొంగిన ఇళ్ళు ఆ కాలువల వెంబడే పెరిగాయి. మెట్ట ప్రాంతాల పేద ఇళ్ళకు వరి అన్నం దినదిన భోజనంగా చేరడంలో 1983లో మొదలైన రెండు రూపాయలకు కిలో బియ్యం పథకానిది పెద్ద పాత్ర. అంటే కొందరి ఇళ్ళలో కొత్త వస్తువు కాలీఫ్లవరు అయితే, మరి కొందరి ఇళ్ళలో కొత్త వస్తువు అన్నమే.

వేరుశెనగ కథ కూడా అటువంటిదే. 19వ శతాబ్దపు రెండవ సగంలో మద్రాసు రాజధానిలో నూనె ఎగుమతి కోసం, గింజల ఎగుమతి కోసం దాని సాగు పెరిగింది. వాన తక్కువ పడే అనంతపురం వంటి జిల్లాల ఎర్రనేలల్లో అది పాతుకుపోయింది. ఓడల కోసం పండించిన గింజ, కల్లంలో మిగిలినంత ఇంట్లోకి వచ్చింది. చలిమంటలో కాల్చుకున్నారు, బెల్లంపాకంలో ఉండలు చుట్టారు, సజ్జరొట్టెకు నంజుడుగా పొడి కొట్టారు. నువ్వులకు తెలిసిన పనులన్నీ దానికి నేర్పారు. రాయలసీమవారు ఊరిని బట్టి శెనక్కాయలనీ, బుడ్డలనీ, తెలంగాణవారు పల్లీలనీ పిలుచుకున్నారు. ఇవాళ సీమ పచ్చళ్ళలోంచి వేరుశెనగను తీసివేస్తే ఏం మిగులుతుందో ఆలోచించండి. అందులోని పాత్ర కలిమిది కాదు, అవసరానిది. ప్రయోగమనే మాట వినగానే మనకు సరదా స్ఫురిస్తుంది. మన వంటింటి ప్రయోగాలలో చాలావాటికి ఉన్నదానితో పొద్దు గడపాలన్న ఆరాటమే మూలం.

మరి ఈ ప్రయోగాలన్నీ చేసినవారెవరు? మంచి వంటను మన భాషలో నలభీమపాకం అంటాం. ఇద్దరు మగవారి పేర్లు. దక్కను ప్రాంతంలో వంటల గురించి విపులంగా చెప్పిన పాత గ్రంథం మానసోల్లాసం, దానిని 12వ శతాబ్దంలో రాయించినవాడు కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు. పద్యం రాయలది, శాసనం గణపతిదేవునిది. రోజూ రెండుపూటలా పొయ్యి ముందు కూర్చున్నవారి పేరు ఎక్కడా లేదు. అయితే ఆముక్తమాల్యదలో ఒక్క చోట మాత్రం ఆమె మెరుపులా కనబడుతుంది. వానాకాలపు పద్యంలో, జడివాన పట్టి కట్టెలు తడిసి ఉండగా, కంట్లోకి పొగ దూరకుండా విష్ణుచిత్తుని భార్య కొబ్బరిచిప్పలు రాజేసి వండుతుందని రాయలు చెబుతాడు. అతిథుల గురించి, భక్తుని గురించి సాగుతున్న వర్ణనలో ఈ ఒక్క వివరం ఎంత విలువైనదో! తడి కట్టె పొగ చిమ్ముతుందనీ, కొబ్బరిచిప్ప మండుతుందనీ ఆమె ఎవరినీ అడిగి తెలుసుకుని ఉండదు. వేసి చూసి ఉంటుంది. ఏ చలికాలంలోనో, ఏ వానలోనో, కళ్ళు మండిన తరువాత.

ఆ అనుభవం కాగితం మీదికి రావడానికి చాలా కాలం పట్టింది. 1952 నుండి ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను దశాబ్దాల పాటు నడిపిన మాలతీ చందూరు రాసిన వంటలు–పిండివంటలు పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. మద్రాసులోనో, బొంబాయిలోనో, బొకారోలోనో కాపురం పెట్టి, పక్కన అమ్మగాని అత్తగారుగాని లేని పిల్లలకు అటువంటి పుస్తకాలే పెద్దదిక్కు అయ్యాయి. అదే తరంలో ప్రెషరుకుక్కరు వచ్చింది. ఓవెను లేని ఇళ్ళలో కుక్కరు అడుగున ఇసుక పోసి, గాస్కెటూ వెయిటూ తీసివేసి, డిసెంబరు సెలవులలో పిల్లలకు కేకు కాల్చిన తల్లులు ఊరూరా ఉన్నారు. ఇసుకలో శెనగలు వేయించే విద్య మనకు తరతరాలుగా ఉన్నదే. ఆ ఇసుక వేడినే కేకుకు పట్టించారు. కొత్త వస్తువుకు పాత పద్ధతి అన్న సూత్రం ఇక్కడా తప్పలేదు. ఈ తల్లులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారో, ఎవరికి వారే కనిపెట్టారో చెప్పే పుస్తకం లేదు. వారిని అడిగితేనే తెలుస్తుంది.

ఇంత దూరం ఎందుకు చెప్పుకొచ్చానంటే, ఈ మధ్య సంప్రదాయ భోజనమన్న మాట తరచుగా ఒక తిట్టుకు తోకగా వినబడుతోంది. కోడలు గుమ్మడి పులుసులో ఏదో కొత్త ఆకు వేస్తే, పిల్లవాడు సంక్రాంతి పూట నూడుల్స్ అడిగితే, ఇది మన వంట కాదనే తీర్పు వెంటనే వస్తుంది. ఆ తీర్పు చెప్పే నోటిలోని కారం పోర్చుగీసు ఓడ దిగినది. తీర్పు చెప్పేవారి ఇంటి ముంగిట ఉన్న బంతి మెక్సికోది. అంతమాత్రాన వచ్చినదల్లా తినమని నా వాదన కాదు. నచ్చనివాటిని వద్దనే అధికారం వంటింటికి ఎప్పుడూ ఉంది, తద్దినపు విస్తరి అందుకు సాక్ష్యం. నేను కోరేది ఇంతే: మనకు సంప్రదాయాన్ని చేతికిచ్చినవారు దానిని కాపలా కాసినవారు మాత్రమే కారు, దానితో సాహసం చేసినవారు కూడా. మొదటి మిరపకాయను పులుసులో వేసిన ఇల్లాలికి ఆ పూట అత్తవారింట ఏ మాటలు పడ్డాయో మనకు తెలియదు. ఆమె భయపడి మానుకుని ఉంటే గుంటూరు కారం అనే మాటే పుట్టేది కాదు.

ఆమెను మనం ఇక అడగలేం. కాని మన ఇళ్ళలో 80, 90 ఏళ్ళు దాటినవారు కొందరు ఇంకా ఉన్నారు. మా ఊరికి టమాటా ఎప్పుడు వచ్చింది, దాన్ని మొదట చారులో వేశారా పప్పులో వేశారా, కాఫీ తాగినందుకు ఎవరు తిట్లు తిన్నారు, గ్యాసు పొయ్యి మీద వండిన అన్నం తినమన్నవారెవరు, సంకటి మాని అన్నం మొదలుపెట్టినది ఏ ఏడు: ఇవన్నీ వారికి నిన్నమొన్నటి సంగతులు. ఏ గ్రంథాలయంలోనూ ఈ సమాచారం దొరకదు. మాఘంలో మాకులు కూడా వణుకుతాయంటారు, ఆ చలికి పెద్దవాళ్ళు త్వరగా దుప్పటి కప్పుకుంటారు గాని త్వరగా నిద్రపోరు. ఆ వేళలో పక్కన కూర్చుని, మీ చిన్నప్పుడు ఇంట్లో లేని కూరలేవి అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. చెప్పినది చెప్పినట్లు, ఊరి పేరుతో, వీలైతే సంవత్సరంతో సహా రాసిపెట్టండి. రాజులు రాయించని పుటలు అవి.